తెలుగు టైటిల్ కత్తిరిస్తే అక్షరం విరుగుతోంది, సెర్చ్ కూడా తేడా: ఆండ్రాయిడ్, విండోస్ రెండింటికీ పనికొచ్చే పద్ధతి ఏది?

ప్రశ్న: శూన్యసూచిక

నోట్స్ యాప్ ఒకటి రెండు చోట్ల నడుస్తోంది. ఫోన్ వైపు కాట్లిన్, మినిమమ్ ఏపీఐ 24 (ఆండ్రాయిడ్ 7). డెస్క్‌టాప్ వైపు సీ షార్ప్, డాట్‌నెట్ 8, స్క్రీన్లకు డబ్ల్యూపీఎఫ్. రెండు చోట్లా డేటాబేస్ ఎస్‌క్యూలైటే. ఇంగ్లిష్ నోట్స్‌తో ఏ సమస్యా లేదు. తెలుగు నోట్స్ వచ్చేసరికి ఇవి కనిపిస్తున్నాయి:

1. లిస్టులో చూపించే టైటిల్‌ను సబ్‌స్ట్రింగ్‌తో 40 దగ్గర కోస్తున్నాను. ఒక్కోసారి "రాష్ట్రం" కాస్తా "రాష్ట్" అయి పొల్లుతో ఆగిపోతోంది. ఇంకోసారి గుణింతం ఊడిపోయి "కీ" బదులు "క" మిగులుతోంది. మిగతా ముక్కను రెండో లైన్లో వేస్తే దాని మొదట్లో చుక్కల సున్నా వస్తోంది.

2. సెర్చ్ ఫోన్‌లో ఒకలా, డెస్క్‌టాప్‌లో ఒకలా ఉంది. ఫోన్‌లో (రూమ్ లైబ్రరీ, ఎస్‌క్యూలైట్ ఫుల్ టెక్స్ట్ సెర్చ్ అయిన ఎఫ్‌టీఎస్4) కంటికి కనిపిస్తున్న పదమే దొరకడం లేదు. డెస్క్‌టాప్‌లో (ఎఫ్‌టీఎస్5) దీనికి పూర్తిగా ఉల్టా: "కోల" అని వెతికితే కాలు, కీలు ఉన్న నోట్స్ అన్నీ వచ్చేస్తున్నాయి.

3. ఫోన్‌లో లిస్టు వరుసల్లో కింది వత్తులు తెగిపోతున్నాయి.

ఒక్కొక్కదానికీ ఒక అతుకు వేసుకుంటూ పోవచ్చు. కానీ మూలంలోనే ఏదో తప్పు పట్టుకున్నానని అనుమానం. సరైన పద్ధతి చెప్పగలరా?

జవాబు: పొల్లుమార్కు

ముందు కోత సంగతి చూద్దాం, మిగతా వాటికీ అదే పునాది.

మీరు 40 అంటున్నది అక్షరాలు కాదు, యూటీఎఫ్-16 యూనిట్లు (స్ట్రింగ్ లోపలి 16 బిట్ల ముక్కలు). యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకూ ఒక సంఖ్య ఉంటుంది, అదే కోడ్‌పాయింట్; తెలుగు బ్లాక్ మొత్తం 3072 నుంచి 3199 వరకు ఉంటుంది (సంఖ్యలన్నీ డెసిమల్‌లోనే రాస్తున్నాను). కాబట్టి తెలుగులో ఒక కోడ్‌పాయింట్‌కు ఒకే యూనిట్, ఒకదానికి రెండు యూనిట్లు పట్టే సరొగేట్ గొడవ లేదు. అందుకే చాలామంది ఇక్కడ ధైర్యంగా సబ్‌స్ట్రింగ్ వాడి దెబ్బ తింటారు. కోడ్‌పాయింట్ వేరు, మన కంటికి కనిపించే అక్షరం వేరు.

"స్త్రీ" తీసుకోండి. లోపల ఉన్నవి స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. ఆరు కోడ్‌పాయింట్లు, యూటీఎఫ్-8లో 18 బైట్లు, కంటికి ఒక్క అక్షరం. "రాష్ట్రం"లో ఎనిమిది కోడ్‌పాయింట్లు, 24 బైట్లు, రెండు అక్షరాలు. ఇండెక్స్‌లు ఇలా పడతాయి: 0 ర, 1 దీర్ఘం, 2 ష, 3 పొల్లు, 4 ట, 5 పొల్లు, 6 ర, 7 సున్న. ఈ పదంలో 3 నుంచి 7 వరకు ఎక్కడ కోసినా తప్పే. సరైన కోతలు మూడే: 0, 2, 8.

మీరు చెప్పిన చుక్కల సున్నా బగ్ కాదు. గుణింతం గుర్తుకు ముందు హల్లు లేకపోతే అక్షరాలకు రూపమిచ్చే షేపింగ్ ఇంజిన్ 9676 అనే చుక్కల వలయాన్ని తానే పెట్టి గుర్తును దానికి తగిలిస్తుంది. స్క్రీన్ మీద అది కనిపిస్తే ఎక్కడో స్ట్రింగ్‌ను తప్పుగా చీల్చారని అర్థం. డీబగ్గింగ్‌లో మంచి ఆనవాలు.

కోతకు వాడాల్సినది గ్రాఫీమ్ క్లస్టర్ (కంటికి ఒక అక్షరంగా కనిపించే కోడ్‌పాయింట్ల గుంపు) సరిహద్దు. ఆండ్రాయిడ్‌లో ఏపీఐ 24 నుంచి ఐసీయూ (యూనికోడ్ పనులు చేసే లైబ్రరీ) ప్యాకేజీలోని బ్రేక్‌ఇటరేటర్ ఉంది; దాని క్యారెక్టర్ ఇన్‌స్టన్స్ తీసుకుని సెట్‌టెక్స్ట్, ఈజ్‌బౌండరీ, ప్రిసీడింగ్ వాడితే చాలు. డాట్‌నెట్‌లో స్ట్రింగ్‌ఇన్ఫో క్లాసులో పార్స్‌కంబైనింగ్‌క్యారెక్టర్స్ పిలిస్తే ప్రతి క్లస్టర్ ఎక్కడ మొదలవుతుందో ఇండెక్స్‌ల అర్రే ఇస్తుంది. అందులో మీ పరిమితికి మించని పెద్ద సంఖ్య తీసుకోండి.

ఇక్కడే ఒక మెలిక. యూనికోడ్ 15.1 (2023) కంటే ముందు నియమాల ప్రకారం పొల్లు తర్వాత క్లస్టర్ ముగుస్తుంది. అంటే "స్త్రీ" మూడు క్లస్టర్లు: స్, త్, రీ. 15.1లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు పొల్లుతో కలిసిన హల్లులను విడదీయకూడదనే నియమం చేరింది, అక్కడి నుంచి అది ఒకే క్లస్టర్. ఫోన్‌లోని ఐసీయూ ఏ కాలం నాటిదో మీ చేతిలో లేదు. ఏపీఐ 24 నుంచి సపోర్ట్ చేస్తున్నారంటే పాత నియమం తప్పక ఎదురవుతుంది. అందుకని లైబ్రరీ ఇచ్చిన సరిహద్దును నమ్మి వదిలేయకుండా, పైన ఒక చిన్న తనిఖీ మీరే పెట్టుకోండి:

ఫంక్షన్ కత్తిరించు(పాఠం, పరిమితి):
— పాఠం పొడవు పరిమితికి లోపే ఉంటే పాఠం అలాగే ఇచ్చెయ్
— స్థానం = పరిమితి
— స్థానం > 0 ఉన్నంతసేపు:
—— స్థానం దగ్గర క్లస్టర్ సరిహద్దు లేకపోతే: స్థానం = ప్రిసీడింగ్(స్థానం); లూప్ మొదటికి
—— పాఠం[స్థానం − 1] == 3149, పాఠం[స్థానం] హల్లు, రెండూ నిజమైతే: స్థానం = ప్రిసీడింగ్(స్థానం); లూప్ మొదటికి
—— రెండూ కాకపోతే లూప్ ఆపు
— స్థానం 0కి వచ్చేస్తే: మొదటి అక్షరం మొత్తం ఇచ్చెయ్
— లేదంటే: 0 నుంచి స్థానం వరకు ఉన్న ముక్క + "…"

హల్లు అంటే 3093 నుంచి 3129 వరకు, వాటితోపాటు 3160 నుంచి 3162 వరకు. 3149 పొల్లు. "రాష్ట్రం"కు పరిమితిగా 1 నుంచి 8 దాకా ఒక్కో సంఖ్యా ఇచ్చి యూనిట్ టెస్ట్ రాయండి. 2 నుంచి 7 వరకు అన్నిటికీ "రా…" రావాలి.

"ఆన్‌లైన్" లాంటి పదాల్లో పొల్లు తర్వాత కనిపించని నాన్‌జాయినర్ గుర్తు (8204; క్లుప్తంగా జాయినర్ అందాం) ఉంటుంది. అక్కడ పాఠం[స్థానం − 1] విలువ 3149 కాదు, 8204. కాబట్టి పై తనిఖీ అడ్డుపడదు, "ఆన్‌" దగ్గర కోత పడుతుంది. పడాల్సిందీ అక్కడే, ఎందుకంటే కంటికి న్, లై విడివిడిగానే కనిపిస్తాయి.

ఇంత చెప్పాక అసలు మాట: లిస్టులో చూపించడానికే అయితే మీరు కోయకండి. "మమమమ" పట్టే వెడల్పు వేరు, "గిగిగిగి" పట్టే వెడల్పు వేరు. 40 అనే సంఖ్యకు స్క్రీన్ మీద అర్థం లేదు. టెక్స్ట్‌వ్యూలో ఎలిప్సైజ్ ఎండ్, మాక్స్‌లైన్స్ 1 పెట్టండి. డబ్ల్యూపీఎఫ్‌లో టెక్స్ట్‌ట్రిమ్మింగ్ ఉంది. పై ఫంక్షన్‌ను నోటిఫికేషన్, ఫైల్ పేరు, సర్వర్ ఫీల్డ్ వంటి చోట్లకు, అంటే నిజంగానే సంఖ్యాపరిమితి ఉన్న చోట్లకు అట్టిపెట్టుకోండి.

జవాబు: టోకెన్‌తోట

సెర్చ్ నేను చెప్తాను. మీకున్నవి రెండు వేర్వేరు జబ్బులు.

డెస్క్‌టాప్ జబ్బు టోకెనైజర్‌ది, అంటే పాఠాన్ని పదాలుగా (టోకెన్లుగా) విడగొట్టే భాగానిది. ఎఫ్‌టీఎస్5లో ఏమీ చెప్పకపోతే యూనికోడ్61 టోకెనైజర్ వస్తుంది. అది పదంలో భాగంగా లెక్కించేవి అక్షరాలు, అంకెలు, ప్రైవేట్ వాడుక కోడ్‌పాయింట్లు మాత్రమే. మన గుణింతాలు, పొల్లు, సున్న యూనికోడ్ దృష్టిలో "అక్షరాలు" కావు, "మార్కులు". కాబట్టి వాటిని స్పేస్‌తో సమానంగా చూసి పదాన్ని అక్కడ తెంపేస్తుంది. "కోల" ఇండెక్స్‌లోకి వెళ్లేసరికి క, ల అనే రెండు టోకెన్లు. కాలు, కీలు కూడా అవే రెండు టోకెన్లు. మరి అన్నీ రాక ఏం చేస్తాయి!

టేబుల్ తయారుచేసేటప్పుడు టోకెనైజ్ ఆప్షన్‌లో యూనికోడ్61 పక్కన కేటగరీస్ అని ఒకటి ఇవ్వొచ్చు. డిఫాల్ట్ విలువ ఎల్*, ఎన్*, సీఓ. దాని చివర ఎం* చేర్చండి (ఎల్ అక్షరాలు, ఎన్ అంకెలు, ఎం మార్కులు, కోడ్‌లో మాత్రం రోమన్ లిపిలోనే, సీఓలో రెండోది చిన్నక్షరంగా రాయాలి). ఉన్న టేబుల్‌కు టోకెనైజర్ మార్చడం కుదరదు. డ్రాప్ చేసి, కొత్తగా క్రియేట్ చేసి, మళ్లీ నింపాలి. ఇది మర్చిపోయి "ఆప్షన్ ఇచ్చినా మారలేదు" అనుకునేవాళ్లే ఎక్కువ.

ఫోన్ వైపు రూమ్ ఎఫ్‌టీఎస్4 డిఫాల్ట్‌గా వాడేది సింపుల్ టోకెనైజర్. అది 128, ఆపైన ఉన్న ప్రతి కోడ్‌పాయింట్‌నూ పదంలో భాగమే అనుకుంటుంది. తెలుగు పదం తెగదు, మనకు ఇదే మేలు. కానీ వంకర కొటేషన్ మార్కులు, మూడు చుక్కల గుర్తు, కనిపించని జాయినర్లు కూడా పదానికే అంటుకుంటాయి. మీకు "కళ్ల ముందున్న పదం దొరకడం లేదు" అనిపించడానికి ఒక కారణం అదే. "బాగానే పనిచేయడం లేదు, యూనికోడ్61 పెడదాం" అని ఫోన్‌లో మార్చకండి. ఎఫ్‌టీఎస్4లోని యూనికోడ్61 కూడా మార్కుల దగ్గర తెంపుతుంది, అక్కడ కేటగరీస్ ఆప్షన్ లేదు.

రెండో కారణం ఒకే పదం పలు రూపాల్లో నిల్వ ఉండటం. దీనికి మందు ఒక్కటే: అసలు పాఠాన్ని ముట్టుకోకుండా పక్కన "సెర్చ్ కీ" అని ఇంకో కాలమ్ పెట్టి, ఎఫ్‌టీఎస్‌కు దాన్ని ఇవ్వడం. యూజర్ టైప్ చేసిన మాటనూ అదే ఫంక్షన్ గుండా పంపాలి. కీ ఫంక్షన్‌లో నేను పెట్టేవి, ఈ వరుసలోనే:

మొదట ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్, అంటే ఒకే గుర్తుకున్న వేర్వేరు రాతలను ఒకే రూపానికి తేవడం. తెలుగులో దీని వల్ల మారేది ఒక్క ఐత్వమే. "ై" ఒకే కోడ్‌పాయింట్‌గా (3144) రావచ్చు, లేదా ఎత్వం 3142, దాని వెంట 3158గా రెండు ముక్కల్లో రావచ్చు. చూపుకు తేడా ఉండదు, పోలిస్తే సమానం కావు. జావాలో నార్మలైజర్ క్లాసు, డాట్‌నెట్‌లో స్ట్రింగ్ మీద నార్మలైజ్ మెథడ్.

తర్వాత మకారప్పొల్లు. "టైమ్‌లో", "టైంలో" రెండూ వాడుకలో ఉన్నాయి. మ్ తర్వాత 8204 ఉన్నా, పదం అక్కడే ముగిసినా దాన్ని ంగా మార్చండి. ఈ పని జాయినర్లను తీసేయకముందే జరగాలి. తీసేశాక ఆ ఆనవాలు ఉండదు.

అప్పుడు కనిపించనివి తీసేయడం: 8203, 8204, 8205, 65279. దీంతో "ఆన్‌లైన్", "ఆన్లైన్" ఒకటవుతాయి. ఎఫ్‌టీఎస్5లో ఇది ఇంకా ముఖ్యం. 8204 అక్షరమూ కాదు మార్కూ కాదు, ఫార్మాట్ కేటగరీ. మీరు ఎం* చేర్చినా అది పదాన్ని ఆన్, లైన్ అని రెండు చేస్తుంది.

ఆ తర్వాత అనునాసికాలు. క వర్గానికి ముందు ఙ్, చ వర్గానికి ముందు ఞ్, ట వర్గానికి ముందు ణ్, త వర్గానికి ముందు న్, ప వర్గానికి ముందు మ్ వస్తే ంగా మార్చండి. "సమ్బన్ధం", "సంబంధం" కలిసిపోతాయి. వర్గంలో మొదటి నాలుగు హల్లులకే ఇది. "అన్నం", "అమ్మ", "వాఙ్మయం" జోలికి పోకూడదు.

డాట్‌నెట్ వాళ్లకు ఒక హెచ్చరిక. స్ట్రింగ్ మీద కంటెయిన్స్ డిఫాల్ట్‌గా ఆర్డినల్ (సంఖ్యల విలువలనే చూసే) పోలిక చేస్తుంది, ఇండెక్స్‌ఆఫ్‌కు స్ట్రింగ్ ఇస్తే కల్చర్ (భాష, ప్రాంతం సెట్టింగ్) ప్రకారం పోలుస్తుంది. కల్చర్ పోలికలో 8204కు బరువే లేదు. కాబట్టి ఒకే జత స్ట్రింగ్‌లకు ఒకటి "ఉంది" అని, ఇంకోటి "లేదు" అని చెప్పగలవు. కీల మీద పోలిక ఎప్పుడూ స్ట్రింగ్‌కంపారిజన్ ఆర్డినల్ ఇచ్చి చేయండి.

జవాబు: వత్తులవరుస

పై జవాబుకు ఒక చేర్పు, ఒక అభ్యంతరం.

అభ్యంతరం: త వర్గానికి ముందు న్ అనే నియమం ఒక్కటే పెడితే "ప్రింట్", "ప్రిన్ట్" కలవవు, ఎందుకంటే అక్కడ న్ తర్వాత ఉన్నది ట వర్గం. అరువు మాటల్లో ఇది మామూలే. కాబట్టి ట, డ ముందు ణ్‌తోపాటు న్‌నూ ంగా మార్చండి. కీ ఎవరికీ చూపించం కాబట్టి కాస్త ఎక్కువ కలిపినా నష్టం లేదు. అసలు పాఠంలో అచ్చం అలాగే ఉన్న ఫలితాలను పైకి తెస్తే చాలు.

చేర్పు: తెలుగు పదం చివర విభక్తులు అంటుకుంటాయి కాబట్టి ప్రిఫిక్స్ సెర్చ్ (పదం మొదలును బట్టి వెతకడం) లేకుండా ఎఫ్‌టీఎస్ ఇక్కడ సగం పనే చేస్తుంది. "పుస్తకం*" అని అడిగితే పుస్తకంలో, పుస్తకంతో దొరుకుతాయి. పుస్తకాలు, పుస్తకాన్ని దొరకవు. యూజర్ మాట చివర ం ఉంటే దాన్ని తీసేసి "పుస్తక*" అని అడగండి, నాలుగూ వస్తాయి. చివర "ు" ఉన్న మాటలకూ ఇదే చిట్కా: "కాలు" బదులు "కాల*" అంటే కాలి, కాళ్లలో మొదటిది వస్తుంది, రెండోది రాదు, ళ్ల మార్పును ప్రిఫిక్స్ పట్టలేదు.

గమనించారా, కోత దగ్గర క్లస్టర్‌ను చీల్చకూడదని గట్టిగా చెప్పుకున్నాం. ఇక్కడ కావాలనే చీలుస్తున్నాం. పుస్తకాలులో "కా"లోంచి "క" వరకే తీసుకుంటేనే ప్రిఫిక్స్ పనిచేస్తుంది. సెర్చ్‌కు కోడ్‌పాయింట్, కంటికి క్లస్టర్. ఒకే కొలత అన్నిటికీ వాడటమే మీరు అనుమానించిన మూల తప్పు.

దీని వల్ల ఫలితంలో మాటను రంగుతో గుర్తించేటప్పుడు జాగ్రత్త కావాలి. దొరికిన ముక్క "పుస్తక" దగ్గర ఆగుతుంది, కానీ స్పాన్‌ను (రంగు వేసే పరిధిని) అక్కడ ఆపితే "కా" మధ్యలో సరిహద్దు పడుతుంది. చివరను తర్వాతి క్లస్టర్ సరిహద్దు దాకా జరపండి. ఇంకో చిక్కు: కీలో కొన్ని కోడ్‌పాయింట్లు తగ్గాయి కాబట్టి కీలోని 12వ స్థానం అసలులో 14 కావచ్చు. కీ తయారుచేసేటప్పుడే పక్కన ఒక ఇంటీజర్ అర్రే నడపండి: కీలోని ప్రతి స్థానానికీ అసలు పాఠంలోని ఇండెక్స్. నార్మలైజేషన్‌ను లైబ్రరీకి ఇస్తే ఈ లెక్క తప్పుతుంది కాబట్టి, సేవ్ చేసేటప్పుడే అసలు పాఠాన్ని ఎన్‌ఎఫ్‌సీ చేసేయండి. మిగతా మూడు మార్పులూ ఒకే లూపులో చేతితో చేయొచ్చు.

వత్తులు తెగడం గురించి. ఆండ్రాయిడ్ 15కు ముందు సిస్టమ్, ఇంటర్‌ఫేస్ కోసం కుదించిన ఎత్తున్న తెలుగు ఫాంట్ రూపాన్ని వాడేది. ఎలిగెంట్‌టెక్స్ట్‌హైట్ ట్రూ పెడితే పూర్తి ఎత్తు వస్తుంది. టార్గెట్ ఏపీఐ 35 (ఆండ్రాయిడ్ 15) చేస్తే అది తనంతట తానే ట్రూ అవుతుంది, అప్పుడు వరుసలు ఎత్తు పెరిగి పాత లేఅవుట్ కదులుతుంది. మీ లిస్టు వరుసకు ఎత్తు అంకెతో బిగించి ఉంటే దాన్ని మినిమమ్ హైట్‌గా మార్చి, హైట్‌కు ర్యాప్‌కంటెంట్ ఇవ్వండి. ఇంక్లూడ్‌ఫాంట్‌ప్యాడింగ్ ఫాల్స్ అని ఎక్కడైనా ఉంటే తెలుగు వచ్చే చోట తీసేయండి. డిజైనర్లు ఇంగ్లిష్ టెక్స్ట్‌ను మధ్యకు తేవడానికి దాన్ని పెడతారు, "ష్ట్ర" కింది భాగం బలవుతుంది. లెటర్ స్పేసింగ్ కూడా తెలుగుకు సున్నానే ఉంచాలి.

విండోస్‌లో 8 నుంచి తెలుగుకు ఉన్న ఫాంట్ నిర్మలా యూఐ. పాత కోడ్‌లో "గౌతమి" అని రాసి ఉంటే చూసుకోండి. విండోస్ 10 నుంచి అది ఐచ్ఛికంగా దించుకోవాల్సిన ఫాంట్ల జాబితాలోకి వెళ్లింది. లేని మెషీన్లో ఇంకో ఫాంట్ వచ్చి కొలతలు మారతాయి.

శూన్యసూచిక

అందరికీ ధన్యవాదాలు. కోత ఫంక్షన్ రెండు వైపులా పెట్టాను, "రాష్ట్రం" టెస్టులు పాసయ్యాయి. ఎఫ్‌టీఎస్5 టేబుల్ కొత్తగా కట్టాక "కోల"కు కోలే వస్తోంది. హైట్ మార్చాక వత్తులూ బాగున్నాయి.

ఇంకో రెండు ఉన్నాయి. ఆర్డర్ బై టైటిల్ పెడితే ళతో మొదలయ్యేవి, ళ మధ్యలో ఉన్నవి తప్పు చోట పడుతున్నాయి. ఇంకోటి: నోట్‌ను టైటిల్ పేరుతో ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేస్తే పొడవైన తెలుగు టైటిళ్లకు విండోస్‌లో పనిచేస్తోంది, ఫోన్‌లో ఎర్రర్ ఇస్తోంది.

జవాబు: పొల్లుమార్కు

ఫైల్ పేరుది తేలిక. విండోస్ ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ పరిమితి 255 యూటీఎఫ్-16 యూనిట్లు. ఫోన్‌లోని ఫైల్ సిస్టమ్ పరిమితి 255 బైట్లు. తెలుగు కోడ్‌పాయింట్‌కు మూడు బైట్లు చొప్పున 85తో అయిపోతుంది. చుక్కతో కలిపి నాలుగు బైట్ల ఎక్స్‌టెన్షన్ పోతే 251, అంటే 83 కోడ్‌పాయింట్లు. పేరులో స్పేస్‌లు, అంకెలు ఒక్కో బైటే కాబట్టి 83 అని బిగించకుండా, కత్తిరించు ఫంక్షన్‌కు ఇచ్చే పరిమితిని ఒక్కొక్కటీ తగ్గిస్తూ యూటీఎఫ్-8 బైట్లు 251 లోపు వచ్చేదాకా చూడండి. "…" గుర్తు కూడా మూడు బైట్లు, దాన్నీ లెక్కలో వేయండి. డూప్లికేట్ పేర్లకు చివర "(2)" తగిలించే కోడ్ ఉంటే దానికీ చోటు వదలాలి. సరిగ్గా ఇక్కడే రెండో సారి ఫెయిలవుతుంది.

ఎక్స్‌పోర్ట్ మాట వచ్చింది కాబట్టి: తిరిగి ఇంపోర్ట్ చేసేటప్పుడు 4096 బైట్ల బఫర్‌లోకి చదివి, ప్రతి ముక్కనూ విడిగా స్ట్రింగ్ చేస్తుంటే ఆపేయండి. 4096ను 3తో భాగిస్తే 1 మిగులుతుంది. అచ్చంగా తెలుగే ఉన్న ఫైల్‌లో 1365 కోడ్‌పాయింట్లు పోగా ఒక బైటు ఇవతల, రెండు అవతల పడి, మధ్యలో ప్రశ్నార్థకపు వజ్రం (65533) వస్తుంది. చిన్న ఫైళ్లతో టెస్ట్ చేస్తే ఇది ఎప్పటికీ బయటపడదు. జావాలో ఇన్‌పుట్‌స్ట్రీమ్‌రీడర్, డాట్‌నెట్‌లో స్ట్రీమ్‌రీడర్ ఆ మిగిలిన బైటును గుర్తుపెట్టుకుని తర్వాతి ముక్కకు కలుపుతాయి. సీఎస్‌వీ ఇస్తుంటే మొదట్లో బీవోఎం (ఫైల్ యూనికోడ్ అని చెప్పే గుర్తు, 65279) పెట్టండి, లేకపోతే ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసినప్పుడు తెలుగు గజిబిజిగా తెరుచుకుంటుంది. మీ ఇంపోర్టర్ దాన్ని తీసేస్తోందో లేదో చూడండి. తీయకపోతే మొదటి కాలమ్ పేరుకు 65279 అంటుకుని "ఆ కాలమ్ లేదు" అంటుంది.

జవాబు: టోకెన్‌తోట

వరుస క్రమం: ఎస్‌క్యూలైట్ ఆర్డర్ బై బైట్ల వరుసలో పేరుస్తుంది, అది కోడ్‌పాయింట్ వరుసే. యూనికోడ్ పట్టికలో ళ ఉన్నది ల, వ అక్షరాల మధ్య. ఱ ఉన్నది ర వెంటనే. మన వర్ణమాలలో రెండూ హ తర్వాత. సున్న సంగతీ అంతే, పట్టికలో ం (3074) అచ్చులకంటే ముందుంది.

ఆండ్రాయిడ్ ఎస్‌క్యూలైట్‌లో కొలేట్ లోకలైజ్డ్ అని ఉంటుంది, కానీ అది ఫోన్ భాషను పట్టి మారుతుంది. ఇంగ్లిష్‌లో పెట్టుకున్న ఫోన్‌లో తెలుగు నియమాలు రావు. ఐసీయూ కొలేటర్‌ను (వరుస క్రమం తేల్చే భాగాన్ని) తెలుగు లొకేల్‌తో మీరే తెరవడం నయం. నిఘంటువు వరుసే కావాలంటే రూల్‌బేస్డ్‌కొలేటర్‌కు "& హ < ళ < ఱ" అనే ఒక్క నియమం ఇస్తే ఆ రెండూ హ తర్వాత కూర్చుంటాయి.

వేల నోట్స్‌ను ప్రతిసారీ మెమరీలోకి తెచ్చి సార్ట్ చేయనక్కర్లేదు. సేవ్ చేసేటప్పుడు కొలేషన్ కీ (కొలేటర్ ఇచ్చే వరుస సంకేతం) బైట్లను ఒక బ్లాబ్ (ముడి బైట్ల) కాలమ్‌లో పెట్టి, దాని మీద ఇండెక్స్ వేసి, ఆర్డర్ బైని దానికి మార్చండి. బ్లాబ్‌లను ఎస్‌క్యూలైట్ బైటు బైటుగానే పోలుస్తుంది, కీలు తయారైందే అందుకు. డాట్‌నెట్‌లో కంపేర్‌ఇన్ఫో మీద గెట్‌సార్ట్‌కీ, దాని కీడేటా. ఫోన్‌లో చేసిన కీని డెస్క్‌టాప్‌కు సింక్ చేయకండి. ఐసీయూ వెర్షన్ మారితే కీలు మారతాయి. ఓఎస్ అప్‌డేట్ తర్వాత మొదటిసారి తెరిచినప్పుడు మొత్తం కాలమ్ మళ్లీ కట్టాలి. డాట్‌నెట్ ప్రాజెక్ట్ ఫైల్‌లో ఇన్వేరియంట్ గ్లోబలైజేషన్ ట్రూ అని ఉంటే ఇదంతా వృథా, పోలికలు ఆర్డినల్‌గా మారిపోతాయి. సైజు తగ్గించడానికి ఎవరో పెట్టి ఉండొచ్చు, ఒకసారి చూడండి.

జవాబు: వత్తులవరుస

టెస్ట్ ఫైల్‌లో పెట్టుకోడానికి కొన్ని: స్త్రీ, లక్ష్మి (ఏడు కోడ్‌పాయింట్లు, రెండు అక్షరాలు), వాఙ్మయం, ఐత్వం రెండు రూపాల్లో, ఆన్‌లైన్ జాయినర్‌తో, జాయినర్ లేకుండా. "జ్ఞా"ను ఞకు, దీర్ఘానికి మధ్య 8204 పెట్టి మరీ చేర్చండి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్ యాప్‌లను కూల్చిన వరుస అది, ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. అంత పెద్ద ఇంజిన్‌నే తడబడేలా చేసింది కాబట్టి మన కోడ్‌కు పరీక్షగా పనికొస్తుంది.

తెలుగు అంకెలు (3174 నుంచి 3183) ఉన్న ఒక లైనూ వేయండి. డాట్‌నెట్ రెజెక్స్‌లో (పాఠం నమూనాను సరిచూసే పద్ధతి) అంకె గుర్తు "౨౫"ను ఒప్పుకుంటుంది, ఆ వెంటనే ఇంట్ పార్స్ దాని మీద ఎక్సెప్షన్ విసురుతుంది. జావా పార్స్‌ఇంట్ మాత్రం 25 అని చదివేస్తుంది. వాలిడేషన్ పాసై పార్సింగ్‌లో పడిపోయే బగ్ ఇదే. డాట్‌నెట్ వైపు రెజెక్స్‌లో 0 నుంచి 9 అని స్పష్టంగా రాయండి, లేదా పార్స్ చేసే ముందు ఒక్కో తెలుగు అంకె విలువలోంచి 3126 తీసేయండి.